పొట్టా, కుందేలా?

చైనాలో ఎంబీబీఎస్ మన పిల్లలకు ఇంగ్లీషులోనే చెబుతారు. వార్డులో పేషెంటు మాత్రం చైనీస్‌లోనే మూలుగుతాడు. అందుకే హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో లెవెల్ గట్టెక్కకపోతే డిగ్రీ చేతికి రాదని 2022 సెప్టెంబరులో బీజింగ్‌లోని మన ఎంబసీ తేల్చి చెప్పింది. మన గుంటూరు మిర్చి యార్డు నుంచి చైనా వెళ్ళే తేజ మిర్చికి ఈ బాధ లేదు.

చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ సెలవులకు బ్రాడీపేట వచ్చిన మా మేనకోడలు ఇప్పుడు ఆ పరీక్ష పుస్తకాలతోనే కుస్తీ పడుతోంది. 1200 మాటలు రావాలి. 300 మార్కులకు 180 తెచ్చుకోవాలి. కంప్యూటర్ మీద రాసేవాళ్ళకు అక్షరాల గీతలు గుర్తుండనక్కర్లేదు. పలుకును ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే చైనీస్ అక్షరాలు వరసగా వస్తాయి, ఏరుకోవడమే. చెమటలు పట్టించేది వినే భాగం. 45 ప్రశ్నలు, ఒక్కొక్కటీ ఒక్కసారే వినిపిస్తారు.

నాకు చైనీస్ ముక్క రాదు. తెలుగు మేష్టారిగా నేను పనికొచ్చింది ఒత్తుల దగ్గర. చైనీస్‌లో ఇంగ్లీషు ‘డి’తో రాసేది మన ‘త’కు దగ్గర, ‘టి’తో రాసేది ‘థ’కు దగ్గర. తేడా అంతా ఊపిరిదే. మనమేమో ఒత్తును రాతలో పెట్టి నోట్లో మింగేసే జాతి. ‘తూ’తో మొదలైతే పొట్ట, ‘థూ’తో మొదలైతే కుందేలు, స్వరం ఎత్తుపల్లం రెండిటికీ ఒకటే. ‘పావ్’ అంటే కడుపు నిండటం, దానికే ఒత్తిస్తే పరుగెత్తడం. ‘ఫ’ను ఫ్యాను, ఫోను చేసేసిన మన పెదాలు మళ్ళీ మూతపడటం నేర్చుకోవాలి.

పేపరు అంచు చింపి పెదాల ముందు వేలాడదీశాం. ‘థ’కు రెపరెపలాడాలి, ‘త’కు కదలకూడదు.

“ఊగిందా మావయ్యా?”

“నువ్వు పొట్ట అన్నప్పుడు ఊగిందమ్మా!”

తీరా చూస్తే ఈ పరీక్షలో మాట్లాడే భాగమే లేదు. దానికి వేరే పరీక్ష ఉంది. రోగితో మాట్లాడటానికి పెట్టిన నిబంధన నోరు విప్పకుండానే నెగ్గొచ్చన్నమాట! కాగితం పట్టుకున్న ఆ కాసేపే అసలు చదువని నా పట్టుదల. మార్కులు రాని పనికి టైము దండగని మేనకోడలి వాదన. అయినా రోజూ కాగితం అదే చింపుతుంది.

విన్నది సరిపోతుందా అంటే అదీ లేదు. రికార్డింగులో వార్తలు చదివినట్టు తేటగా పలుకుతారు. మా మేనకోడలు చదివే సిచువాన్‌లో ‘ష’ను కూడా ‘స’ అనేస్తారు. ఎన్నాళ్ళుగా నొప్పి అంటే, ‘స’తో మొదలయ్యే నాలుగో ‘ష’తో మొదలయ్యే పదో ఓ పట్టాన తేలదు. వేళ్ళతో చూపించమంటుందట. అక్కడ పదికి రెండు చూపుడు వేళ్ళూ కత్తెరలా అడ్డంగా పెడతారు.