డాబా మీద డ్రాగన్ పండు

కూర్మన్నపాలెం, వడ్లపూడి, దువ్వాడ వైపు డాబాల మీద ఇప్పుడు ఆకుకూరల తొట్ల పక్కన ఒక స్తంభం కనిపిస్తోంది. దాని తలమీద పాత స్కూటర్ టైరు, టైరు మీంచి నాలుగు వైపులా జారిన పచ్చటి ముళ్ళ కొమ్మలు. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగాక ఈ చుట్టుపక్కల ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి. పొలాలు ఇచ్చేసినవాళ్ళకు ఎకరాలు పోయి గజాలు మిగిలాయి. అయినా మట్టి తెలిసిన చేతులు ఊరుకోవు. పెరట్లో ఆనపపాదు, మెట్ల పక్కన కరివేపాకు, డాబా మీద గోంగూర వేస్తూనే ఉన్నాయి. హైదరాబాదులో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ళు మిద్దెతోటను ఒక ఉద్యమంలా ప్రచారం చేశాక, ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళు కూడా ఈ దారి పట్టాయి. ఆ వరసలో చివరగా వచ్చి చేరిందే డ్రాగన్ ఫ్రూట్.

దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. ఫ్రెంచివాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో వియత్నాం తీసుకెళ్ళారు. అక్కడ అది పెద్ద ఎగుమతి పంటైంది. మనకు మాత్రం పూర్తిగా పరాయిదేం కాదు. పొలం గట్ల మీది నాగజెముడు, మనం బ్రహ్మకమలం అని పిలుచుకుంటూ రాత్రిపూట ఇరుగుపొరుగుని పిలిచి చూపించే పువ్వు, రెండూ దీని చుట్టాలే. ముళ్ళ మొక్క వాకిట్లో పనికిరాదని పెద్దవాళ్ళు అంటారు. డాబా మీదైతే ఆ పేచీ లేదు.

మే నెలలో సిమెంటు డాబా మీద వంగ, టమాటా వాడిపోతాయి. ఇది తట్టుకుంటుంది. దీనికి ఆకుల్లేవు. ఆకు పని పచ్చటి కొమ్మే చేస్తుంది. పగలు ఎండలో ఆ కొమ్మ మీది రంధ్రాలు మూసుకుపోతాయి, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని గాలి పీల్చుకుంటాయి. అందువల్ల నీరు పెద్దగా ఆవిరి కాదు. మరీ మండే రోజుల్లో మాత్రం కొమ్మ పసుపుబారుతుంది, అప్పుడు పల్చటి షేడ్ నెట్ కట్టాలి. ఇక్కడ ఫ్యాక్టరీల ధూళి, హైవే దుమ్ము రెండూ ఉన్నాయి కాబట్టి అప్పుడప్పుడు పైపుతో కొమ్మల్ని కడిగితే మంచిది.

గింజ వేస్తే కాపుకు ఏళ్ళు పడుతుంది. కాసిన మొక్క నుంచి ముదురు కొమ్మ జానెడుకు మించి కోసుకోవాలి. కోసిన చోట తడి ఆరి గట్టిపడేదాకా వారం రోజులు నీడలో ఉంచి, అప్పుడు నాటాలి. ఏ కొస కిందిదో గుర్తు పెట్టుకోవాలి, తలకిందులుగా నాటకూడదు. సగానికి కోసిన నీలం డ్రమ్ము సరిపోతుంది. అడుగున కన్నాలు, వాటి మీద ఇటుక ముక్కలు, పైన ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, బాగా చివికిన గెత్తం, గుప్పెడు వేపపిండి వేయాలి. వేళ్ళు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. మా వీధిలో రిటైరైన ఒక ఫిట్టరు గారు మొక్క అడిగినవాళ్ళందరికీ ముందు చెప్పే మాట ఒకటే: "నీళ్ళెక్కువైతే కుళ్ళిపోద్ది బాబూ, మట్టి ముట్టుకుని చూసి పొయ్యండి." వానాకాలం కొమ్మ మీద మెత్తటి మచ్చ కనిపిస్తే, ఆరోగ్యమైన భాగం వచ్చేదాకా కోసేసి కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి.

ఆసరా విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. డ్రమ్ము మధ్యలో నాలుగంగుళాల పీవీసీ పైపు నిలబెట్టి, లోపల ఊచ దింపి కాంక్రీటు పోస్తారు. పైన ఊచల్ని అడ్డంగా కట్టి, వాటి మీద టైరు బిగిస్తారు. వెల్డింగు తెలిసిన మనుషులకు ఈ ఊళ్ళో కొదవేమీ లేదు. పైపుకు గోనెపట్టా చుడితే, కొమ్మ నుంచి పుట్టే గాలివేళ్ళు దాన్ని పట్టుకుని ఎక్కుతాయి. తడిసిన డ్రమ్ము వంద కిలోలు దాటుతుంది కాబట్టి శ్లాబు నడిమధ్యన పెట్టొద్దు, దూలమో స్తంభమో ఉన్నచోట పెట్టండి.

ఇక కత్తెర. ఒక్క కాడనే పైకి పోనిచ్చి, పక్క పిలకలన్నీ గిల్లేయాలి. అది టైరు దాటగానే కొన తుంచాలి. అప్పుడు చుట్టూ కొమ్మలు పుట్టి కిందికి వేలాడతాయి. పూత వచ్చేది ఆ వేలాడే కొమ్మలకే. చాలా ఇళ్ళలో మొక్క గుబురుగా పెరిగి కాయకపోవడానికి ఈ తుంచడం మానేయడమే కారణమని నా గట్టి నమ్మకం.

జూన్ నుంచి నవంబరు దాకా పూత కాలం. కొమ్మ అంచున ముళ్ళ గుత్తి దగ్గర చిన్న పచ్చటి బొడిపె లేస్తుంది. రెండు మూడు వారాల్లో జానెడు మొగ్గవుతుంది. పొద్దుగూకాక కొన విచ్చుకోవడం మొదలై, తొమ్మిది పది గంటలకు పువ్వు పూర్తిగా తెరుచుకుంటుంది. లోపల వందల కేసరాలు, వాటి మధ్య నుంచి సన్నటి పాయలుగా చీలిన కీలాగ్రం. పుట్టింట్లో గబ్బిలాలు, పెద్ద రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. ఇక్కడ తెల్లవారుజామున తేనెటీగలు వచ్చినా, వాటినే నమ్ముకుంటే కొన్ని పువ్వులు రాలిపోతాయి. అందుకే పువ్వు తెరుచుకున్న రాత్రే మెత్తటి కుంచెతో పుప్పొడిని స్టీలు గిన్నెలోకి రాల్చి, ఆ కుంచెనే కీలాగ్రమంతా తాకించాలి. తెల్ల గుజ్జు రకాల్లో చాలావాటికి సొంత పుప్పొడి చాలు. ఎర్ర గుజ్జు రకాల్లో కొన్నింటికి వేరే రకానిది కావాలి. ఇంట్లో రెండు రకాలూ ఉండాలని చెప్పేది అందుకే. ఎండెక్కేసరికి పువ్వు వాడిపోతుంది. నిలిచిన పిందె పచ్చగానే ఉంటుంది, నిలవనిది నాలుగైదు రోజుల్లో పసుపెక్కి ఊడిపోతుంది.

బజారులో దొరికే పండును ఇంత శ్రమపడి పెంచడమెందుకని అడుగుతారు. నాకైతే ఆ రాత్రి పనే ఈ మొక్క విలువ. పొలం చూడని పిల్లలు పిందె ఎలా కడుతుందో తమ వేళ్ళతో చేసి తెలుసుకుంటున్నారు. తాతల దగ్గర ఉన్న ఈ చేతి పనితనం వాళ్ళకు పుస్తకంలో దొరకదు.

పువ్వు విచ్చిన నెల రోజులకు పండు రంగు తిరుగుతుంది. అప్పటినుంచి మూడు నాలుగు రోజులు ఆగి కోయాలి. తొందరపడి కోస్తే ఇంట్లో పండదు, తీపి పెరగదు. మనకు ఇంకో లెక్క కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద విరుచుకుపడిందీ పండ్లు వేలాడే కాలంలోనే. తుపాను కబురు రాగానే రంగు తిరిగినవి కోసేసి, స్తంభాన్ని పిట్టగోడకు రెండు చోట్ల తాడుతో కట్టేయాలి. తల బరువైన మొక్క, గాలికి డ్రమ్ముతో సహా పడుతుంది.

కాపు అయిపోయాక ముదిరి కాసిన కొమ్మల్ని కత్తిరిస్తారు కదా, వాటిని పారేయకండి. అడిగినవాళ్ళకు ఇచ్చేటప్పుడు తెలుపో ఎరుపో చీటీ మీద రాసి కట్టండి. వాళ్ళకు పూత వేళ అది తెలియాలి.