డ్రాకులా కోటలో మీనా కోసం

ట్రాన్సిల్వేనియా వెళ్తున్నానంటే ఇంట్లో అందరిదీ ఒకటే వేళాకోళం: "వెల్లుల్లిపాయలు సర్దుకున్నావా?" రుమేనియాలోని బ్రాషోవ్ ఊళ్ళో బస్సెక్కితే గంటలోపే కార్పేతియన్ కొండల మధ్య బ్రాన్ కోట. కింద అంగళ్ళ నిండా కోరలున్న బొమ్మలు, నెత్తుటి చుక్కల టీషర్టులు.

నిజానికి ఈ కోటకీ డ్రాకులాకీ సంబంధం లేదు. 1897లో ఆ నవల అచ్చువేసిన బ్రామ్ స్టోకర్ ఈ ప్రాంతంలో అడుగే పెట్టలేదు. నవలలోని కోట ఎక్కడో ఉత్తరాన, బోర్గో కనుమ దగ్గర. డ్రాకులా అన్న పేరు ఎవరిదో ఆ పదిహేనో శతాబ్దపు పాలకుడు వ్లాడ్ ఇక్కడ కాపురమున్న దాఖలా కూడా లేదు.

ఇక్కడ నిజంగా బతికింది ఒక స్త్రీ. 1920లో బ్రాషోవ్ నగరం ఈ కోటని రాణి మేరీకి కానుకగా ఇచ్చింది. ఆమె దాన్ని బాగుచేయించి ఇల్లుగా మలుచుకుంది. ఆత్మకథ రాసుకున్న రచయిత్రి ఆమె. 1938లో ఆమె పోయాక కోట కూతురు ఇలియానాది అయింది. యుద్ధకాలంలో ఇలియానా బ్రాన్‌లో ఆసుపత్రి నడిపింది. రాణులంటే నాకేమీ మోజు లేదు. కానీ ఉన్న స్త్రీ గదుల్ని గబగబా దాటేసి, ఎన్నడూ లేని మగవాడి కోసం జనం వెతుకుతుంటే మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి నవల మళ్ళీ తెరిచాను. ఎమ్మే రోజుల్లో భయం కోసం చదివాను. ఈసారి మీనా కోసం చదివాను.

నవలంతా డైరీలు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు. వాటిని సేకరించి, తేదీల వరసలో పేర్చి, టైపు చేసింది మీనాయే. భర్త షార్ట్‌హ్యాండ్ డైరీ, డాక్టరు ఫోనోగ్రాఫులో చెప్పుకున్న మాటలు అన్నీ ఆమె వేళ్ళ మీదుగానే కాగితమయ్యాయి. పని పూర్తవగానే మగవాళ్ళు ఏం చేశారు? "ఇక ఇది ఆడవాళ్ళ వ్యవహారం కాదు" అని రక్షణ పేరుతో ఆమెని పక్కన పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రాకులా ఆమె మీద పడ్డాడు. అతను అసలు ప్రతిని కాల్చేస్తే, మిగిలింది ఆమె టైపు చేసిన మరో కాపీ. అతను తప్పించుకుపోయే నదిదారి పసిగట్టింది కూడా ఆమే.

స్టోకర్ స్త్రీవాది అని నేననడం లేదు. ముగ్గురిని పెళ్ళాడితే బాగుండునని సరదాగా అనుకున్న లూసీ రక్తపిశాచి అయితే, ఆమె గుండెలో కాబోయే భర్త చేతే మేకు దిగ్గొట్టించి, దానికి విముక్తి అని పేరు పెట్టాడు. చివరికి మీనాకి దక్కిందేమిటి? కొడుకు. వాడికి ఆ బృందంలోని మగవాళ్ళందరి పేర్లూ కలిపి పెట్టారు. పైగా భర్త అంటాడు, మన దగ్గర అసలు పత్రాలేవీ లేవు, ఉన్నదంతా టైపు కాగితాలే, ఎవరు నమ్ముతారని! ఆమె చేసిన పనే సాక్ష్యానికి లోటైపోయింది.

ఇక్కడ పుస్తకం మూసేశాను. ఉద్యోగం లేని రోజుల్లో ఒక పెద్దాయన పరిశోధన గ్రంథాన్ని నేను టైపు చేశాను. చిత్తుకాగితాల్ని అధ్యాయాలుగా విడదీశాను, పొసగని వాదనలు ఎత్తిచూపాను, కొన్నిచోట్ల పేజీలకు పేజీలు తిరగరాశాను. ముందుమాటలో "ఓపికగా టైపు చేసిపెట్టిన సోదరికి" అని ఒక్క ముక్క. పేరు లేదు. అప్పుడు అదే గొప్పనుకుని మురిసిపోయాను కూడా. నాకు కోపం రావడానికి ఇన్నేళ్ళూ ఇంత దూరమూ పట్టింది.

రక్తం పీల్చడానికి కోరలే అక్కర్లేదు. ఎవరి పుస్తకాన్నైనా విమర్శకు తీసుకునేటప్పుడు కృతజ్ఞతల పేజీ నుంచే మొదలుపెడదామా? ఆ "సోదరి" ఎవరో, ఆమె చేసింది ఒట్టి టైపేనో కాదో అడుగుదాం.