రాఘవయ్యగారు మాట్లాడారు, మేం విన్నాం

యానాదుల మేలు కోరిన నాయకుడెవరంటే మా పెద్దలు ముందుగా చెప్పే పేరు వెన్నెలకంటి రాఘవయ్యగారిది. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆయనా నెల్లూరు మనిషే.

1946లో ఆయన మద్రాసు శాసనసభలో ఉన్నారు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. ఆ ప్రభుత్వం ఏడాది కూడా నిలవలేదు. రాఘవయ్యగారి పని మాత్రం ఆగలేదు. ఆదిమజాతి సేవక్ సంఘ్‌లో ఏళ్లతరబడి పనిచేశారు, 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. మేం ఆయన్ను తలుచుకునేది ఆ బిరుదు కోసం కాదు, నేరస్థ జాతుల చట్టం మీద ఆయన చేసిన పోరాటం కోసం. ఆ చట్టానికి నేరంతో పని లేదు, పుట్టుక చాలు. వేలిముద్రలు ఇవ్వాలి, రాత్రిపూట హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. మద్రాసు రాష్ట్రంలో అది 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది.

ఇంత చేసిన మనిషిని విమర్శించడమేమిటని మాలోనే కొందరు అడుగుతారు. అడగనివ్వండి.

1962లో ఆయన యానాదుల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. మా గురించి మద్రాసు, ఢిల్లీ తెలుసుకోవాలంటే అప్పుడు అదే దారి కావచ్చు. కానీ తేనె తీసేవాడికి, చిరివేరు తవ్వేవాడికి తన గురించి ఏం రాశారో తెలిసే వీలు లేకపోయింది. తప్పుంటే దిద్దేదెవరు? అదే 1962లో మన రాష్ట్రంలో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. కులం పేరు పోయింది, పోలీసు చూపు పోలేదు. దాన్ని చదివి ఇది పాత చొక్కాకి కొత్త గుండీలని చెప్పగల యానాది అప్పుడు శాసనసభలో ఎవరున్నారు? తప్పు రాఘవయ్యగారిదని మేం అనడం లేదు. ఒక మంచి మనిషి మా తరఫున మాట్లాడుతుంటే, మేమే మాట్లాడే అవసరం ఎవరికీ కనిపించలేదు. సేవ చేసే రాజకీయంలో మాకు కనిపించే లోటు ఇది.

దాని ఖరీదు దీవిలో తెలిసింది. రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. అడవిలో బతికిన మా వాళ్లు పులికాట్ ఇవతలి గట్టుకు చేరారు. కొందరికి కేంద్రంలో కూలిపని దొరికింది. దేశానికి రాకెట్ అవసరమే, కాదనం. ఆ నిర్ణయం జరిగిన బల్ల దగ్గర యానాదికి కుర్చీ వేశారా అన్నదే మా ప్రశ్న.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆ 1962 పుస్తకాన్ని వారానికి నాలుగు పేజీలు తెలుగులో చెప్పి వినిపించండి. సూళ్లూరుపేట, తడ పక్క కాలనీల్లో దీవిలో పుట్టిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఏది నిజమో, ఏది కాదో వాళ్లు చెబుతారు. పిల్లల చేత రాయించండి.