నేల అయిపోయే చోటు

మదురైలో విమానం దిగి, కారు మాట్లాడుకుని రామేశ్వరం వెళ్లొచ్చిన మిత్రులు గుడి గురించి, ఇరవై రెండు తీర్థాల దగ్గర తోపులాట గురించి, తడిబట్టలతో పడ్డ అవస్థ గురించి బోలెడు చెబుతారు. అది ఒక ద్వీపమన్న సంగతి మాత్రం వాళ్ల మాటల్లో రాదు. ఎలా వస్తుంది? రోడ్డు వంతెన మీద కారు పరుగెడుతుంటే ఒకచోట ఫొటో కోసం ఆపుతారు, మళ్లీ ఎక్కుతారు, అంతే. ద్వీపానికి వెళ్లడమంటే కాళ్ల కింద నేల అయిపోవడం కళ్లారా చూడటం. ద్వీపం మొదలయ్యే పాంబన్ దగ్గర అది రైల్లోనే కుదురుతుంది. అందులోనూ పగటి రైల్లో. మదురై నుంచి వెళ్లే ప్యాసింజర్ నాకు ఇష్టం. పరమక్కుడి, రామనాథపురం దాటాక చెట్లు పలచబడతాయి, ఇసుక మొదలవుతుంది, తాటిచెట్లు మిగులుతాయి, తర్వాత అవీ ఉండవు.

నేను మొదటిసారి వెళ్లింది నాయనమ్మతో, ఎగ్మూరులో మీటర్ గేజ్ బండెక్కి. అప్పటికి రోడ్డు వంతెన లేదు. అది 1988లో వచ్చింది. ద్వీపంలో ఉన్నవాళ్లకు పెళ్లికైనా ఆసుపత్రికైనా ఆ ఒంటి పట్టాల దారే గతి. నాయనమ్మకు ఇవేవీ పట్టలేదు. సేతువు దగ్గర ఇసుక తీసుకెళ్లి కాశీలో గంగలో కలపాలి, అక్కణ్నుంచి గంగ తెచ్చి రామలింగేశ్వరుడికి అభిషేకం చేయించాలి. ఆవిడ దృష్టిలో దేశం పొడవంతా ఒక ఇసుక మూట, ఒక నీళ్ల చెంబు. పాంబన్ రైలు వంతెన మీదికి రాగానే కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. రాజమండ్రి దగ్గర గోదావరిలో వేసి వేసి అలవాటైన చెయ్యి.

“సముద్రానిక్కూడా వేస్తారా నాయనమ్మా?” అన్నాను.

“గోదారి వచ్చేదీ ఇక్కడికే కదరా,” అంది.

ఆ పాత వంతెన 1914లో తెరిచారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఇరుకు. కిటికీలోంచి కిందికి చూస్తే వంతెన కనపడదు, నీళ్లే. బండి నడకలాగే వెళ్లేది. ఆ నిదానాన్ని మనం ఇప్పుడు మురిపెంగా తలుచుకుంటాం గానీ, రైల్వే వాళ్లకు అది భయం. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ పడేది కాదు, బండి ఒడ్డునే ఆగాల్సిందే. మధ్యలో ఓడలు పోవడానికి తెరుచుకునే భాగం ఉంది. చికాగో ఇంజనీరు విలియం షెర్జర్ పేరు మీద దాన్ని షెర్జర్ అనే పిలుస్తారు. రెండు రెక్కలు, ఒక్కోటీ ఒక్కో ఒడ్డు వైపుకి లేచేవి. వాటిని లేపింది మోటార్లు కావు, మనుషులు. రెండు పక్కలా కూలీలు మీటలు పట్టుకుని గానుగెద్దుల్లా తిరిగితే వందల టన్నుల ఇనుము పైకి లేచేది. నూరేళ్లకు పైగా అలాగే లేచింది. రామేశ్వరం వెళ్లొచ్చి వెయ్యి స్తంభాల నడవాను మెచ్చుకోని వాళ్లు లేరు, ఆ మీటల గురించి చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు.

బోట్ మెయిల్ అని ఒక బండి ఉండేది. మద్రాసులో ఎక్కితే ద్వీపం కొసన ఉన్న ధనుష్కోటి రేవు దాకా రైలు, అక్కడ స్టీమరు, అవతల తలైమన్నార్‌లో మళ్లీ రైలు, చివర కొలంబో. ఒకటే టికెట్టు. పాతకాలపు రైళ్ల మీద మోజున్నవాళ్లు ఈ మాట చెప్పుకుని నిట్టూరుస్తారు. నేనూ నిట్టూర్చినవాణ్నే. కానీ అదే దారిలో సిలోను తేయాకు తోటలకు కూలీలూ వెళ్లారు. వాళ్లను అంటురోగాల భయంతో వంతెనకు ఇవతల మండపం క్యాంపులో ఆపి ఉంచేవాళ్లు. వెనకటి రోజులన్నీ కిటికీ సీట్లు కావు.

1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో పాంబన్ నుంచి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజర్ ధనుష్కోటి చేరబోతుండగా సముద్రం మీదికొచ్చింది. వందమందికి పైగా ఉన్న ఆ బండిలో ఎవరూ మిగల్లేదు. ఊరూ మిగల్లేదు. వంతెన గర్డర్లు చాలావరకు కొట్టుకుపోయాయి, షెర్జర్ నిలబడింది. ఇ. శ్రీధరన్ అనే యువ ఇంజనీరు సముద్రంలో పడ్డ గర్డర్లను పైకి తీయించి 46 రోజుల్లో వంతెనకు మళ్లీ ప్రాణం పోశాడు. తర్వాత ఆయన్నే దేశం మెట్రో మనిషి అంది. పట్టాలు మాత్రం ధనుష్కోటి దాకా మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు అక్కడ చర్చి గోడలు, స్టేషను మొండి గోడలు, వాటి పక్కన గవ్వల దండల కొట్లు, వేడివేడి చేపల వేపుడు. జనం ఫొటోలు దిగుతుంటారు. వాళ్లను తప్పుపట్టను, నేనూ చేపలు తిన్నాను.

అబ్దుల్ కలాం కుర్రతనం కూడా ఈ లైను పక్కనే గడిచింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో బండి ఆగడం మానేస్తే, కదిలే రైల్లోంచి విసిరిన పేపరు కట్టల్ని పట్టుకునే పని ఆయనకు దొరికింది. ఆయన మొదటి సంపాదన అదే.

పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. రెండేళ్లకు పైగా యాత్రికులు ఇవతలే దిగి బస్సులెక్కారు. 2025 ఏప్రిల్ 6న పక్కనే కొత్తది తెరిచారు. ఇందులో 72.5 మీటర్ల భాగం లిఫ్టులా నిటారుగా 17 మీటర్లు లేస్తుంది, మీట పట్టుకునేవాళ్లతో పని లేదు. కొత్త వంతెన మీద వెళ్లాను. బండి కుదుపు తక్కువ, వేగం ఎక్కువ. విశాఖ, విజయవాడల నుంచి వచ్చే భువనేశ్వర్ బండిలో, తిరుపతి బండిలో మనవాళ్లు ఎప్పట్లాగే కొంగు ముళ్లు విప్పుతున్నారు. నాకేం బెంగ లేదు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుము మీద మనుషుల్ని ఇంకా మోయించాలని అడిగేవాడు రైలు ప్రేమికుడు కాడు.

అడగాల్సింది ఒకటుంది. పాత వంతెన మిగతాది ఏం చేసినా సరే, షెర్జర్ రెక్కల్ని తుక్కు కింద అమ్మొద్దు. మండపం ఒడ్డున, పిల్లలు చేత్తో తిప్పి చూడగలిగేలా, ఆ మీటలతో సహా నిలబెట్టండి.