అయిదు ముక్కల ‘జ్ఞా’

కర్నూలు నుంచి మా మేనల్లుడు పంపే మెసేజ్ ఇట్లా ఉంటుంది: “మామా, యాప్ పని చెయ్యల్యా. ఏం జెయ్యాల?” ఏ యాప్, ఏ ఫోను, తెర మీద ఏం పడింది, ఏదీ ఉండదు. నేను నాలుగు ప్రశ్నలు వేసేసరికి టీకి పోయింటాడు. ఒకసారి ఫొటో పంపించాడు. అందులో తప్పేంటో కనపడలేదు గానీ బ్యాంకు ఖాతా నంబరు మాత్రం నిక్షేపంగా కనిపించింది.

అందుకే 2018 ఫిబ్రవరిలో ప్రోగ్రామర్ మనీష్ గోరేగావ్‌కర్ రాసిన ఒక విశ్లేషణ అంటే నాకు ముచ్చట. ఎవరో పంపిన ‘జ్ఞా’ తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన రోజులవి. మనం మామూలుగా టైపు చేసే జ్ఞా వల్ల ఏ గొడవా లేదు. కూల్చే జ్ఞాను ఆయన విడదీసి చూపించారు: జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక గుర్తు, దీర్ఘం. ఆ కనపడని గుర్తు మనకు కొత్తదేం కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ పోయి ‘వే’కి అతుక్కోకుండా ఆపేది అదే. పొల్లు పక్కన ఉండాల్సింది ఇక్కడ దీర్ఘం ముందు దూరింది.

అయిదు ముక్కలకూ యూనికోడ్ సంఖ్యలు విడివిడిగా ఇచ్చారు. మొదటిది 0సి1సి, కనపడనిది 200సి. విడి ముక్కలతో చదివేవాడి ఫోనుకు ప్రమాదం లేదు. బ్రౌజరు కూలకుండా యాపిల్ వాళ్ల వెతుకు పెట్టె స్పాట్‌లైట్‌లో అతికించి పరీక్షించానని కూడా చెప్పారు.

అసలు పనితనం ఆ తర్వాత ఉంది. ఒక్కో ముక్కే మారుస్తూ పోయారు. ఞ తీసి ఇంకో తెలుగు హల్లు పెట్టినా కూలుతోంది. దేవనాగరిలో, బెంగాలీలో కొన్ని హల్లులతోనే కూలుతోంది. దీర్ఘం తీసి ఐత్వం పెడితే మాత్రం ఏమీ కాలేదు! ‘కై’ రాసి చూడండి: పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. బెంగాలీలో అక్షరానికి అటొకటి ఇటొకటి పడే ఓ, ఔ గుర్తులతోనూ ఫోను చెక్కుచెదరలేదు. పలక మీద దిద్దిన నాటి నుంచి ఐత్వం రాస్తున్నా, దాన్ని ఇట్లా ఎన్నడూ చూడలేదు నేను. ఎక్కడ కూలుతుందో చెప్పేవాళ్లు చాలామంది, ఎక్కడ కూలదో వెతికేవాళ్లు అరుదు.

ఒక్కొక్కటిగా విడదీసి పోల్చి చూసే ఈ పద్ధతి కడప వాళ్లకు పాత పరిచయమే. యెర్రముక్కపల్లెలో ఇప్పుడు గ్రంథాలయం ఉన్నచోటే తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ దొర బంగళా ఉండేది. జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకుని, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పద్యాలకు నంబర్లు వేయించి, పాఠభేదాలు ఎక్కించేవాడు. ‘ఈ పద్యం అర్థం కాలేదు’ అని ఊరుకుంటే పండితులు మాత్రం ఏం చెబుతారు? ఫలానా నంబరు పద్యం, ఈ ప్రతిలో ఇట్లా, ఆ ప్రతిలో అట్లా అని ముందు పెడితేనే ఏది నిలుస్తుందో తేలేది.

యాపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ‘జ్ఞా’ తంటా తీర్చింది. ఈ విశ్లేషణ వల్లే తీర్చిందని నేననను.

ఇదంతా మావాడికి చెప్పాను. మొన్న మెసేజ్ వచ్చింది: “మామా, ఆండ్రాయిడ్ 14. నిన్న అప్‌డేట్ చేసినాక ఇట్లయింది. వైఫైలో తెరుచుకుంటాంది, సిమ్ డేటాలో తెరుచుకోల్యా.” ఏ యాపో మాత్రం ఇంకా చెప్పలేదు.