ముఖం లేని బొమ్మ

మా అక్క కూతురు 2023లో భూపాలపల్లిలో కొత్తగా తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదటి బ్యాచ్‌లో చేరింది. దానితో పాటే మా జనగామకూ ఒక కాలేజీ వచ్చింది. అంతకు ముందేడే, 2022లో, మానుకోటకు వచ్చింది. మహబూబాబాద్ అనడం నాకింకా అలవాటు కాలేదు, అమ్మ నోట ఎప్పుడూ మానుకోటే. 2016 దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోని ఊళ్లు. మా తరానికి సర్కారు డాక్టరీ చదువంటే వరంగల్‌లోని కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే.

మొదటి సంవత్సరం సెలవులకు వచ్చినప్పుడు పిల్ల తన అనాటమీ రికార్డు నా ముందు పెట్టింది. ధమనులకు ఎరుపు, సిరలకు నీలం, నరాలకు పసుపు. ఎంతో శ్రద్ధగా వేసింది. తిప్పుతూ తిప్పుతూ స్త్రీ కటిభాగం బొమ్మ దగ్గర ఆగాను. నడుము పైన ఏమీ లేదు, తొడల కింద ఏమీ లేదు.

"దీనికి ముఖమేదే?" అన్నాను నవ్వులాటకు.

"పెల్విస్‌కు ముఖమెట్లుంటది చిన్నమ్మా?" అని అదీ నవ్వింది.

నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే ప్రశ్న నేను చిన్నప్పుడు విన్నాను, తలకిందులుగా. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ బొమ్మలు ఎవరు వేశారు, ఎవరు నేర్పారు అని చదవడం మొదలుపెట్టాను. సాహిత్యం చెప్పుకు బతికే నాకు ఇది పరాయి విషయమే. అయినా ఒక స్త్రీ జీవితకాలపు పనిని ఎలా చదవాలి అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు కదా.

వైద్య చిత్రకళను విశ్వవిద్యాలయంలో ఒక చదువుగా నిలబెట్టినవాడు మాక్స్ బ్రోడెల్. జర్మనీ నుంచి 1894లో అమెరికాలోని బాల్టిమోర్‌కు వచ్చి, జాన్స్ హాప్కిన్స్‌లో హోవర్డ్ కెల్లీ అనే స్త్రీ వ్యాధుల సర్జన్‌కు బొమ్మలు వేశాడు. కెల్లీ 'ఆపరేటివ్ గైనకాలజీ' 1898లో వచ్చింది. 1911లో వైద్యానికి అన్వయించే చిత్రకళ కోసం హాప్కిన్స్‌లో ఒక శాఖే ఏర్పడింది, బ్రోడెల్ దానికి అధిపతి. అంటే ఈ విద్య పురిటిల్లు స్త్రీ శరీరమే. బల్ల మీద స్త్రీ, కత్తితో పురుషుడు, పక్కన కుంచెతో పురుషుడు. బ్రోడెల్ గొప్ప కళాకారుడు, అందులో అనుమానం లేదు. అర్థం కానిదాన్ని గీయకూడదని పట్టుబట్టి స్వయంగా కోసి చూసినవాడు. మూత్రపిండంలో రక్తనాళాలు తక్కువగా ఉండే చోటును కనిపెడితే దానికి బ్రోడెల్ గీత అని పేరు పడింది. బొమ్మలేసేవాడి పేరు శరీరశాస్త్రంలోకే ఎక్కిపోయింది.

ఆయన దగ్గర నేర్చుకున్న రానిస్ క్రాస్‌బీ 1943లో, ముప్ఫై నిండకముందే, ఆ శాఖ బాధ్యత తీసుకుంది. 1983 దాకా, నలభై ఏళ్లు, ఆమే నడిపింది. డిగ్రీ లేని శిక్షణగా ఉన్నది మాస్టర్స్ డిగ్రీగా మారింది ఆమె కాలంలోనే. క్లాసులో పట్టుమని పదిమంది కూడా ఉండని ఆ చదువులో ప్రతి విద్యార్థి గీత మీదా ఆమె కన్ను పడి ఉంటుంది. శరీర భాగాల్లో ఆమె పేరున్న గీత మాత్రం ఏదీ లేదు. 2007లో చనిపోయింది. పదవి నుంచి దిగాక, 1991లో, ఆమె పేరుతో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. దేని గురించి? 'మాక్స్ బ్రోడెల్: ద మాన్ హూ పుట్ ఆర్ట్ ఇన్‌టు మెడిసిన్'. వైద్యంలోకి కళను తెచ్చిన *మనిషి*. అక్కడ మనిషి అంటే మగవాడు. ఆ కళను నలభై ఏళ్లు నిలబెట్టిన మనిషి అట్ట మీద రచయితగా ఉంది, కథానాయకుడు గురువు. ఆమె నలభై ఏళ్ల మీద అంత లావు పుస్తకం నా కంటపడలేదు.

సహరచయిత జాన్ కోడీ ఎవరో తెలిస్తే మన పాఠకులు ఉలిక్కిపడతారు. హాప్కిన్స్‌లో వైద్య చిత్రకళ నేర్చుకుని, తర్వాత మనోవైద్యుడై, 1971లో ఎమిలీ డికిన్సన్ మీద 'ఆఫ్టర్ గ్రేట్ పెయిన్' రాసినాయన ఈయనే. తల్లి ప్రేమ దొరకకపోవడంలో ఆమె కవిత్వానికి మూలం వెతికిన పుస్తకం అది. ఒక కవయిత్రిని రోగిగా చదవగలిగిన చేయి, ఒక చిత్రకారుణ్ణి మాత్రం వీరుడిగా చదివింది. ఇది కాస్త కటువుగా ఉందేమో. కానీ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెడితే నాకు తట్టింది ఇదే.

హాప్కిన్స్ ఒక్కటే కాదు. బ్రోడెల్ శిష్యురాలు మరియా విషార్ట్ 1925లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఈ పని మొదలుపెట్టింది, 1945లో దాన్ని చదువుగా మలిచింది. బ్రోడెల్ మరో శిష్యురాలు డొరొతీ చబ్, మరికొందరూ టొరంటోలో వేసిన బొమ్మలతోనే 1943లో అనాటమీ అట్లాస్ వచ్చింది. శవాన్ని పొరలు పొరలుగా కోసి, ఫోటో తీసి, ఆ ఫోటో మీంచి గీతలు తీసుకుని, మళ్లీ అసలు శరీరంతో పోల్చి చూసుకుని వేసిన బొమ్మలవి. దాన్ని ప్రపంచమంతా, మన మెడికల్ కాలేజీలూ పిలిచే పేరు గ్రాంట్స్ అట్లాస్. గ్రాంట్ అక్కడి అనాటమీ ప్రొఫెసరు. పిల్లలు "గ్రాంట్‌ల చూసిన" అంటారు. "చబ్‌ల చూసిన" అనరు.

ఇంతవరకు మనకు అలవాటైన వాదనే. కనిపించని శ్రమ, పేరు దక్కని స్త్రీ. సెమినార్లలో నేనూ ఎన్నోసార్లు చదివిన పత్రమే. కానీ క్రాస్‌బీని అలా చదివి వదిలేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఎందుకంటే ఈ కళలో కనిపించకపోవడమే నేర్పు. బ్రోడెల్ తీర్చిదిద్దిన పద్ధతిలో సుద్ద పూత పూసిన అట్ట మీద బొగ్గు పొడిని పొడి కుంచెతో అద్దుతారు, వెలుగు పడాల్సిన చోట కత్తి మొనతో గీకుతారు. కుంచె జాడ తెలియదు. తడి కండరం తడిగానే కనిపిస్తుంది. సర్జన్ ఆ బొమ్మలో చిత్రకారిణిని చూశాడంటే బొమ్మ ఓడిపోయినట్టే. మనం సంతకం కోసం వెతికే చోట వాళ్లు సంతకాన్ని తుడిచేయడం నేర్పారు.

కాబట్టి అడగాల్సింది పేరు గురించి కాదు, చూపు గురించి. ఏ పొర తీసేయాలి, ఏది ఉంచాలి, ఎటు నుంచి చూడాలి? నెత్తురు ఎందుకు తుడిచేయాలి? ఇవన్నీ నిర్ణయాలే. ఇక్కడ మాత్రం ఆ విద్యా సంప్రదాయాన్ని నేను మెచ్చుకోలేను. కుంచె స్త్రీ చేతిలోకి వచ్చింది, చూసే చోటు మారలేదు. అది సర్జన్ నిలబడే చోటే. 1774లో విలియం హంటర్ గర్భాశయ గ్రంథానికి వాన్ రిమ్స్‌డైక్ వేసిన బొమ్మల్లో నిండు గర్భిణుల తొడలు కసాయి దుకాణంలోలా నరికి ఉంటాయి. రెండు వందల ఏళ్లలో గీత మృదువైంది, ముఖం మాత్రం తిరిగి రాలేదు. హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారం నుంచి ఆమెను అడగకుండా 1951లో కణాలు తీసుకున్నది కూడా ఆ హాప్కిన్స్ ఆసుపత్రిలోనే. బొమ్మకూ ఆ పనికీ నేరుగా సంబంధం ఉందని అనను. ముఖం అక్కర్లేదనుకునే అలవాటు మాత్రం ఒకటే.

చూసే చోటు మార్చినవాళ్లు విశ్వవిద్యాలయం బయట ఉన్నారు. 1981లో అమెరికా స్త్రీవాద ఆరోగ్య కేంద్రాలు తెచ్చిన 'ఎ న్యూ వ్యూ ఆఫ్ ఎ వుమన్స్ బాడీ'కి బొమ్మలు వేసింది సుజాన్ గేజ్. అద్దం పట్టుకుని తమను తాము చూసుకున్న ఆడవాళ్ల చూపు అది. క్లిటోరిస్ పైకి కనిపించే చిన్న మొన మాత్రమే కాదని, లోపలికి విస్తరించిన పెద్ద అవయవమని ఆ పుస్తకం గీసి చూపించింది. ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ పరిశోధన వచ్చి, పాఠ్యగ్రంథాల బొమ్మలు తప్పని వైద్యలోకం ఒప్పుకోవడం 1998లో మొదలైంది. మధ్యలో పదిహేడేళ్లు! ఎంత చక్కటి బొగ్గుపొడి నేర్పయినా, చూడనిదాన్ని గీయలేదు. మన దగ్గరా ఆ అద్దం చూపు లేకపోలేదు, 'సవాలక్ష సందేహాలు' తెచ్చినవాళ్లు హైదరాబాదు స్త్రీలే.

ఇక నేను దాచిపెట్టిన సంగతి. మా అమ్మ మానుకోట దగ్గర ఒక పల్లెలో ఏఎన్ఎం. డెబ్భైల చివర మంత్రసానులకు శిక్షణ ఇవ్వాల్సి వచ్చినప్పుడు పైనుంచి వచ్చిన చార్టు గోడకు తగిలించింది. అదీ నడుము నుంచి తొడల దాకా ఉన్న బొమ్మే. ఎవరూ దాని వైపు చూడలేదట. ఒక ముసలి మంత్రసాని మాత్రం అడిగింది: "ముఖం లేకపాయె, ఇది ఎవలదని సూడాలె నర్సమ్మా?"

అమ్మ ఆ రాత్రి బ్రౌన్ పేపర్ మీద క్రేయాన్లతో తనే వేసుకుంది. పురిటి నొప్పులు పడుతున్న మనిషి. ముఖముంది, కొప్పుంది, మోకాళ్ల మీదికి మడిచిన చీర అంచు ఉంది. ఒళ్లు మా ఒంటి రంగే. (2021లో నైజీరియాకు చెందిన చిదియెబెరె ఇబె నల్లని గర్భస్థ శిశువు బొమ్మ వేస్తే లోకమంతా ఇంతకాలం ఇది తట్టలేదేమని ఆశ్చర్యపోయింది. అమ్మకు తట్టిందని గొప్ప చెప్పడం లేదు, ఆమె దగ్గరున్న క్రేయాన్లలో గోధుమ రంగే ఎక్కువ మిగిలి ఉండొచ్చు.) అలాంటివి ఏడు వేసింది. ఒకదాని తర్వాత ఒకటి విప్పుతూ కథలా చెప్పేది, మా జనగామ పక్కనున్న చేర్యాల నకాశీ పటం విప్పి కథ చెప్పినట్టు. లోపలి బిడ్డ తల ఎటు తిరిగిందో ఆ మనిషి ముఖంలో నొప్పిని బట్టి గుర్తుపట్టమనేది. సర్జన్ నిలబడే చోటు నుంచి కాదు, తలాపున కూర్చున్న మంత్రసాని చోటు నుంచి వేసిన బొమ్మలవి. శరీరశాస్త్రం ప్రకారం అందులో తప్పులు ఉండే ఉంటాయి.

ఉండే ఉంటాయి అంటున్నాను, ఎందుకంటే చూసి చెప్పే వీలు లేదు. 1998లో జనగామలో ఇల్లు మారినప్పుడు ఆ చుట్టను పాత కాగితాలవాడికి వేసింది నేనే. తూకానికి. అదే నెలలో మరుగునపడిన తెలంగాణ రచయిత్రుల మీద ఒక పత్రం చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. "పాతవే కదా" అంది. ఆ మాటకూ, క్రాస్‌బీ తన గురించి కాక గురువు గురించి రాయడానికీ మధ్య ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది. వినయమా, శిక్షణా అని తేల్చుకోలేకుండా ఉన్నాను. సంతకం తుడిచేయడం చేతికి నేర్పితే, అది బొమ్మ దగ్గరే ఆగుతుందా?

మొన్న ఈ వ్యాసం మొదలుపెట్టి అక్క కూతురికి ఫోన్ చేశాను. అమ్మమ్మ వేసిన బొమ్మలెట్లుండేవి, గీసి పంపు చిన్నమ్మా అంది. కూర్చున్నాను. నాకు బొమ్మలు రావు, అందుకని మాటల్లోనే రాయడం మొదలుపెట్టాను: మోకాళ్ల మీద చేతులు, కొప్పు ఎడమకు జారి ఉండడం, ఎర్రంచు చీర, బిడ్డ తల. ఏడింటిలో నాలుగే గుర్తొచ్చాయి.