సమానసూక్తుల్లో ‘ఒరులు’ ఎవరు? - తిక్కన కందపద్యం పునఃపరిశీలన

సర్వమతాల ఆధ్యాత్మికసారం ఒకటేనని నిరూపించదలచిన తెలుగు వ్యాసాల్లో, ఆంధ్రమహాభారతం శాంతిపర్వంలోని ‘ఒరులేయవి’ కందపద్యానికి స్థిరమైన స్థానం ఉంది. ఇతరులు చేస్తే తన మనసుకు ఏవి అప్రియమవుతాయో వాటిని తాను ఇతరులకు చేయకుండడమే పరమధర్మమార్గాలన్నింటికీ ఆధారమని దాని తాత్పర్యం. ఈ పద్యం పక్కన మత్తయి సువార్త ఏడవ అధ్యాయంలోని క్రీస్తు బోధ, అనస్ ద్వారా సంక్రమించిన హదీసు, కన్‌ఫ్యూషియస్ ఉపదేశం, యూదుగురువు హిల్లేల్ చెప్పిన సమాధానం వరుసగా చేరతాయి. అన్నీ ఒకే మాట చెబుతున్నాయన్న నిర్ణయంతో పరిశీలన ముగుస్తుంది. నిజానికి అది మొదలుకావలసింది అక్కడే.

సూక్తులను పక్కపక్కన పేర్చే ఈ పద్ధతిని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. 1932లో ‘సర్వమతాల మౌలిక ఐక్యత’ను ప్రతిపాదిస్తూ గ్రంథం వెలువరించిన కాశీ పండితుడు భగవాన్ దాస్, అంతకుముందు ఏడాది కాన్పూరులో జరిగిన మతకలహాలపై కాంగ్రెస్ నియమించిన విచారణసంఘానికి అధ్యక్షుడు. శవాల లెక్క చూసిన మనిషి సమానవాక్యాలను వెతకడంలో ఒక ఆర్తి ఉంది. 1993లో షికాగో సర్వమత మహాసభ హాన్స్ కూంగ్ రూపొందించిన విశ్వనీతి ప్రకటనను ఆమోదించినప్పుడు కూడా ఈ సూత్రమే దానికి పునాది అయింది. పద్ధతిలోని లోపం ఉద్దేశంలో లేదు. సందర్భం నుంచి తెంపిన వాక్యం ఎవరికీ ఇబ్బంది కలిగించదు. ఇబ్బంది కలిగించని వాక్యాన్ని అంగీకరించడానికి ఎవరికీ శ్రమ ఉండదు. ఇక్కడే చిక్కు ఉంది.

తిక్కన పద్యాన్నే చూడవచ్చు. సంస్కృతమూలంలో భీష్ముడు ధర్మరాజుకు ధర్మలక్షణం వివరిస్తూ ఈ మాట చెబుతాడు. మూలశ్లోకంలో ‘అప్రియం’ అన్న మాట ఉంది, అది ‘ఆత్మ’కు, అంటే తనకు, సంబంధించింది. తిక్కన ‘అప్రియ’శబ్దాన్ని నిలుపుకొని దాని స్థానాన్ని ‘మనం’లో నిర్దేశించాడు. ఈ మార్పు చిన్నదే కాని ఫలితం చిన్నది కాదు. ధర్మానికి ప్రమాణం శాస్త్రంలో కాక, నొప్పి తెలిసిన మనసులో ఉందన్న అర్థం తెలుగు పద్యంలో ముందుకు వచ్చింది. పద్యాంతంలోని ‘పరాయణ’శబ్దం, ‘పథ’శబ్దానికి వాడిన బహువచనం మరింత గమనార్హాలు. ధర్మమార్గాలు అనేకమని ఒప్పుకొని, వాటన్నింటికీ చేరవలసిన చోటు ఒకటుందని చెప్పడం ఇది. శైవవైష్ణవ వైషమ్యాలు చెలరేగిన పదమూడవ శతాబ్దంలో హరిహరనాథుడికి భారతాన్ని అంకితం చేసిన కవి నోట ఈ బహువచనం యాదృచ్ఛికంగా వచ్చిందనుకోవడం కష్టం. సమానతను తిక్కన దొరికిన వస్తువుగా తీసుకోలేదు. రెండు రూపాలను ఒక్క దైవంగా భావించి నిర్మించుకున్నాడు. యజ్ఞం చేసి సోమయాజి అయిన కవి వేదవిధికి కాక మనసుకు ఈ పెద్దరికం ఇవ్వడం వేరే అధ్యయనం కోరే విషయం.

పద్యం విడిగా ప్రచారంలోకి రావడంవల్ల మరుగున పడింది దాని పరిసరం. మూలంలో భీష్ముడి ఉపదేశం ముగిసిన వెంటనే ధర్మరాజు తలవంచి ఒప్పుకోడు, ఆక్షేపిస్తాడు. సజ్జనుల ఆచారమే ధర్మమంటే, ఆ సజ్జనులను గుర్తించేది ఆచారంతోనే కదా, ఈ చక్రంలోంచి బయటపడే దారి ఏదని అతని ప్రశ్న. దానికి సమాధానంగా వచ్చేది నిర్వచనం కాదు, కథ. తలమీది జటల్లో పక్షులు గూడు కట్టుకొని పిల్లల్ని పెంచినా కదలకుండా నిలిచిన జాజలి, తనంత ధర్మాత్ముడు లేడని పొంగిపోతాడు. కాశీలోని తులాధారుడికి నీవు సాటిరావని అశరీరవాణి చెబుతుంది. ఆ తులాధారుడు వర్తకుడు. తన త్రాసు సర్వభూతాలపట్ల సమంగా నిలుస్తుందని అతడు తాపసికి బోధిస్తాడు. భీష్ముడు సూత్రంగా చెప్పిన దానికి ఇక్కడ చేతిలో పట్టుకోగల పనిముట్టు దొరికింది. తనను ఒక పళ్ళెంలో, ఎదుటివాణ్ణి మరో పళ్ళెంలో ఉంచి తూచడమే ఆ సూత్రం. ఆ విద్య తపస్వికి తెలియదు, అంగడివాడికి తెలుసు. సమానసూక్తుల సంకలనాల్లో పద్యం ఉంటుంది. ధర్మరాజు సంశయం ఉండదు, త్రాసు ఉండదు.

ఈ సూత్రాన్ని తులనాత్మకంగా చర్చించేవారిలో మరొక వాదం తరచు వినిపిస్తుంది. ప్రాచ్యధర్మాలు ‘చేయకు’ అన్నాయి, క్రీస్తు ‘చేయు’ అన్నాడు, కనుక రెండోది ఉన్నతమని ఒకరంటారు. నిషేధంలో వినయం ఉంది, విధిలో ఇతరులమీద తన ఇష్టాన్ని రుద్దే ప్రమాదం ఉందని మరొకరంటారు. గ్రంథాలు ఈ విభజనకు లొంగవు. తొలి క్రైస్తవుల ‘డిడాఖే’ నిషేధరూపంలోనే ఈ నియమాన్ని చెప్పింది. జీవితాంతం ఆచరించదగిన ఒక్క మాట అడిగిన శిష్యుడికి నిషేధాన్ని ఉపదేశించిన కన్‌ఫ్యూషియస్, మరోచోట తాను నిలదొక్కుకోగోరేవాడు ఇతరులను నిలబెట్టాలని అన్నాడు. ఆ శిష్యుడే వేరొక సందర్భంలో తనకు ఇష్టం లేనిది ఇతరులకు చేయనని ప్రకటిస్తే, నీవింకా అంతవరకు రాలేదని గురువు తేల్చిచెప్పాడు. సూక్తుల పట్టికలు తయారుచేసేవారు ఈ చురకను ఎందుకో వదిలేస్తారు. సంస్కృతభారతం సంగతీ అంతే. నిషేధశ్లోకం తర్వాత ఒకటి రెండు శ్లోకాలకే భీష్ముడు, తనకు ఏది కోరుకుంటాడో దాన్ని పరులకూ తలచాలని, మిగులు భోగాలను ఏమీ లేనివారితో పంచుకోవాలని అంటాడు. అందువల్ల నిషేధం ఒక మతానిది, విధి మరొక మతానిది కాదు. రెండూ ప్రతి సంప్రదాయంలోనూ ఉన్నాయి. ఏ సమాజం వాటిలో దేన్ని కంఠస్థం చేసుకుంది, దేన్ని మరిచిపోయింది అన్నదే పరిశీలించవలసిన విషయం.

నిషేధం ఒక్కటే మిగిలితే ఏమవుతుందో లూకా సువార్తలోని సమరయుని కథ చూపుతుంది. దొంగలు కొట్టి పడేసిన బాటసారిని చూసి యాజకుడు, లేవీయుడు దారికి అవతలిపక్కగా వెళ్ళిపోయారు. వాళ్ళు అతనికి అప్రియమేమీ ‘చేయలేదు’. సూత్రాన్ని అక్షరాలా పాటించినట్లే! ఆ కథ పుట్టింది ‘నా పొరుగువాడెవడు’ అన్న ప్రశ్న నుంచి. సమానసూక్తుల అసలు పరీక్ష ఈ ప్రశ్న దగ్గరే జరుగుతుంది. హదీసు ‘సోదరుడు’ అంటుంది. సోదరుడంటే సహవిశ్వాసి మాత్రమేనా, మానవుడెవరైనానా అన్నదానిపై వ్యాఖ్యాతలు భిన్నంగా స్పందించారు. లేవీయకాండం పొరుగువాణ్ణి ప్రేమించమన్న అధ్యాయంలోనే పరదేశినీ అలాగే ప్రేమించమని వేరుగా చెప్పవలసివచ్చింది. మొదటి మాట రెండోవాడి దాకా దానంతట అది వెళ్ళదని తెలిసినందువల్ల కాబోలు.

తెలుగులో ఈ సమస్యకు ప్రత్యేకమైన ఛాయ ఉంది. బైబిలు అనువాదం ఎన్నుకున్నది ‘పొరుగువాడు’. తోడ్పాటును విధిగా చెప్పిన గురజాడ ‘దేశభక్తి’ గేయంలోనూ ఆ మాటే ఉంది. ఇరుగుపొరుగన్నది ఇళ్ళ వరుసకు సంబంధించిన మాట. గోడకు గోడ ఆనిన వాడు పొరుగువాడు. ఊరికీ వాడకూ మధ్య ఎడం పాటించిన గ్రామంలో మాలవాడ మనిషి ఎవరికి పొరుగు? తిక్కన ‘ఒరులు’ అన్న మాటకు ఇళ్ళ వరుసతో నిమిత్తం లేదు. తాను కాని ప్రతివాడూ అందులో ఉన్నాడు. పరిధిని బట్టి చూస్తే ఈ మూడు మాటల్లోనూ అదే విశాలమైనది. కాని ఆ విశాలపదాన్ని వల్లెవేసిన సమాజమే అంటరానితనాన్ని ధర్మంగా పాటించింది. తాకకపోవడాన్ని అది ‘చేయకుండడం’ కింద జమకట్టుకుంది. తాకకపోవడం ఎదుటి మనసుకు అప్రియమవుతుందా అని తూచి చూడలేదు. తిక్కన ‘మనం’ అన్నచోట పెట్టిన బరువు పాఠకుల చేతుల్లో జారిపోయింది.

క్రైస్తవ కుటుంబంలో పెరిగిన జాషువా 1941లో ‘గబ్బిలం’ రచించినప్పుడు ఆ త్రాసును మళ్ళీ ఎత్తాడు. సర్వమతసారం చర్చలో ‘క్రీస్తు చరిత్ర’ను పేర్కొనడం విమర్శలో వాడుక. ఈ చర్చకు అంతకన్నా దగ్గరి కావ్యం ‘గబ్బిలం’. అందులోని అరుంధతీసుతుడు ఏ మతసూక్తినీ మరొకదానితో పోల్చడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ఉందని మాత్రం గుర్తిస్తాడు, కాశీలోని శివుడికి దాని ద్వారా తన గోడు విన్నవించుకుంటాడు. తులాధారుడు అంగడి పెట్టుకున్నదీ ఆ కాశీలోనే. సర్వభూతాలకూ సమంగా నిలిచిన త్రాసులో పక్షికి చోటు దొరికింది. గర్భగుడి కప్పుకు వేలాడే జీవిని ఎవరూ వెళ్ళగొట్టరు. తలుపు బయట నిలబడ్డవాడు ‘ఒరుల’లో ఒకడో కాదో చెప్పవలసినవారు తలుపు లోపల ఉన్నారు. సమానసూక్తుల పట్టికలో ‘ఒరులేయవి’ పద్యాన్ని చేర్చే విమర్శ, అందులోని మొదటి మాటకు అర్థం ఆ తలుపు దగ్గర నిలబడి రాసుకోవలసి ఉంది.